కూసోను ఇంత జాగ



ఇవాళ మనం ఒక ఊర్లో నడుద్దాం. బస్సు ఎక్కే పని లేదు, చెప్పులు తొడిగే పని లేదు. మీరు ఉన్నచోటనే ఉండి చెవి ఒగ్గితే చాలు. నేను నడుస్తూ చెప్తుంటాను, మీరు నా వెంట రండి.

ఆ ఊరు ధర్మపురి. జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉంది. ధర్మపురి అనగానే మీకు లక్ష్మీనరసింహస్వామి గుడి యాదికొస్తుంది. ఆ గుళ్లోనే ఉన్న యమధర్మరాజు యాదికొస్తాడు. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురి లేదనే పెద్దల మాట కూడా యాదికొస్తుంది. నేను ఇవాళ చెప్పేది మాత్రం గుడి సంగతి కాదు. గుడికి పోయే తొవ్వ సంగతి. ఆ తొవ్వకు అటూ ఇటూ ఉన్న ఇండ్ల సంగతి, చెట్ల సంగతి.

నడుస్తున్నంతసేపూ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకుందాం. ముక్కూ మొహం ఎరగని మనిషి ఒకడు ఈ ఊరికి వచ్చాడు. కాళ్లు నొస్తున్నాయి. వాడికి కూర్చోవడానికి ఇంత జాగ ఎక్కడ ఉంది? ఇదే ప్రశ్న. మళ్లీ మళ్లీ అడుగుతాను, విసుక్కోకండి.

నది దగ్గర మొదలుపెడదాం. చైత్రమాసం, తెల్లవారుజాము. తూర్పుకు పోయే గోదావరి ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. అందుకే దక్షిణవాహిని అంటారు. అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. అటు పోతే టేకు అడవులు. ఇవతల మెట్లు, గుడులు, ఊరు.

ఈ మెట్ల మీదికి రెండు రకాల మనుషులు వస్తారు. మొక్కు చెల్లించుకునేవాళ్లు ఒక రకం. వాళ్ల వెంట పిల్లలుంటారు, సందడి ఉంటుంది. ఇంట్లో మనిషిని పోగొట్టుకొని వచ్చినవాళ్లు ఇంకొక రకం. వాళ్లు ఎక్కువ మాట్లాడరు. ఒక ముంత, ఒక గుడ్డ మూట, తడి బట్టలు. పని అయిపోయాక వాళ్లకు ఏమీ తోచదు. ఎటు పోవాలో తెలియదు. అప్పుడు మనిషికి కావలసింది ఓదార్పు కూడా కాదు. కాసేపు కూర్చోవడానికి ఇంత జాగ.

మెట్లెక్కి పైకి వస్తే రావిచెట్టు. దాని చుట్టూ రాతి కట్ట. నేను పోయినరోజు ఆ కట్ట మీద ఒక కుటుంబం కూర్చొని ఉంది. అప్పుడే గుండు చేయించుకున్న నడివయసు ఆయన, పక్కన ఆయన తల్లి. ఆమె ఏమీ మాట్లాడటం లేదు. పైకి చూస్తోంది. గాలి లేదు. అయినా రావి ఆకులు గలగలమంటున్నాయి. రావి ఆకుకు కాడ పొడుగు, సన్నం. ఆకేమో వెడల్పు. అందుకే మన ఒంటికి తెలియనంత గాలి కూడా దానికి తెలుస్తుంది. ఆ తల్లి చాలాసేపు ఆ ఆకుల్నే చూసింది. తర్వాత కొడుకు వీపు మీద చెయ్యి వేసి, "లే బిడ్డా, పోదాం" అన్నది. అంతే. ఆ కట్ట కట్టించింది ఎవరో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు.

సరే, ఊర్లోకి నడుద్దాం.

గుడి చుట్టుపక్కల పాతవాడల్లో కొన్ని పాత ఇండ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. ఒక ఇంటి ముందు ఆగుదాం. తొందరేమీ లేదు.

ముందు పెద్ద దర్వాజ చూడండి. టేకుది. ఏండ్ల తరబడి నూనె పట్టి, చేతులు తగిలి, నల్లగా నిగనిగలాడుతోంది. పై పట్టీ మీద పద్మాలు చెక్కారు. కడపకు పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. దర్వాజకు రెండు పక్కలా గోడలో రెండు దిగూళ్లు. దిగూడు అంటే దీపం పెట్టే చిన్న గూడు. దిగుట్లె దీపం అంటాం చూడండి, అది ఇక్కడిదే. దాని పైభాగం మసిబారి ఉంది. కరెంటు రాకముందు ఆ దీపం ఇంట్లోవాళ్ల కోసం పెట్టింది కాదు. ఇంట్లోవాళ్లకు ఇంట్లో దీపం ఉంటుంది. ఇది వీధిలో పోయేవాడి కోసం.

దర్వాజలోంచి లోపలికి తొంగిచూస్తే వెలుగు కనిపిస్తుంది. బవంతి ఇల్లు కదా, నడుమ ఆకాశం కనబడే వాకిలి, దాని చుట్టూ అర్రలు. వాకిట్లో తులసి గద్దె. గోడల మందం మూరకు తక్కువ లేదు. పైన గూన పెంకలు. కుమ్మరి సారె మీద చేసి ఆవంలో కాల్చిన పెంకలు అవి. పెంకకూ పెంకకూ నడుమ ఇంత సందు ఉంటుంది. వేడిగాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంది, వాకిట్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వానలు పడకముందే ఆ గూనంతా సదిరించుకోవాలి. కోతులు ఎక్కి తొక్కితే మళ్లీ సదిరించుకోవాలి. ఈ ఊర్లో కోతులకు కొదువ లేదు. గూన పోయి స్లాబు ఎందుకొచ్చిందని అడిగితే సగం మంది కోతుల పేరే చెప్తారు.

ఇప్పుడు అసలు చూడాల్సింది చూడండి. దర్వాజకు అటూ ఇటూ అరుగులు.

నేను ఒక అరుగు మీద కూర్చొని చేత్తో తడిమి చూశాను. పైన రాతి బండ పరిచారు. వీధి వైపు కొద్దిగా వాలు ఉంది, వాన పడితే నీళ్లు నిలవకుండా. అంచు మొద్దుబారి గుండ్రంగా అయింది. ఉలితో చేసిన నునుపు కాదు అది, మనుషులు కూర్చొని కూర్చొని అరగదీసిన నునుపు. బండ మీద ఒక మూలకు గీతలు కనిపించాయి. దుమ్ము తుడిచాను. త్రికోణం, దాంట్లో అడ్డగీతలు. పులిమేక ఆట! ఎవరో మేకుతోనో ఉలితోనో చెక్కిపెట్టుకున్నారు. ఎన్ని మధ్యాహ్నాలు ఆడారో. ఎన్ని మేకలు పులి నోట్లో పడ్డాయో.

ఈ అరుగు ఎవరిది? కాగితం మీద ఇంటివాళ్లది. వాడుకలో వాడకట్టుది. గాజులామె గంప దించేది ఇక్కడే. పోస్టు ఆయన చెమట తుడుచుకునేది ఇక్కడే. మధ్యాహ్నం బియ్యం ఏరుకునేది, సాయంత్రం ముచ్చట పెట్టేది, ఎండాకాలం రాత్రి పండుకునేది ఇక్కడే. ఒకప్పుడు మన ఊర్లలో వీధిబడులు ఇలాంటి అరుగుల మీదే నడిచాయి. ఇసుకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దుకున్న పిల్లలు ఇలాంటి చోటే శతకాలు వల్లించారు.

శతకం అంటే గుర్తొచ్చింది. నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి ఈ ఊరివాడే. ఆ శతకం మకుటంలో ధర్మపురి పేరు ఉంటుంది. మకుటం ప్రతి పద్యం చివరా వస్తుంది కదా. అంటే ఆ శతకం నేర్చుకున్న ప్రతి పిల్లవాడూ, ఈ ఊరి మొహం చూడకుండానే, పద్యం పద్యానికీ ఈ ఊరి పేరు పలికాడు. స్వామి పేరుతో పాటు స్వామి ఉండే ఊరు కూడా చెప్పి ఉత్తరం మీద చిరునామా రాసినట్టు రాశాడు శేషప్ప.

చిరునామా తెలిశాక చుట్టాలు రాకుండా ఉంటారా? 2015లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. జులై 14న మొదలయ్యాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మొదటి పుష్కరాలు. అప్పటి ముఖ్యమంత్రి ధర్మపురిలోనే పుష్కర స్నానం చేశారు. ఇక జనం సంగతి చెప్పాలా? నేలంతా జనం. ఆ రోజుల్లో ఈ వాడల్లో ఒక్క అరుగు ఖాళీగా కనిపించలేదు. ఏ ఊరివాళ్లో, ఏ కులంవాళ్లో, మూటలు తలకింద పెట్టుకొని పడుకున్నారు. ఇంటావిడ తలుపు తీసి బయటికి రావాలంటే వాళ్లను దాటుకొని రావాలి. దాటుకొని వచ్చి ఏం చేసింది? మంచినీళ్ల బిందె తెచ్చిపెట్టింది.

మళ్లీ చెప్తున్నాను. అరుగు అంటే ఇంటివాళ్లు తమ జాగలోంచి వీధికి ఇచ్చిన చోటు. రాయించుకున్నది తమ పేర్న, వదిలిపెట్టింది వచ్చిపోయేవాళ్ల కోసం.

ముందుకు నడుద్దాం. ఇదిగో ఇసుక స్తంభం. ఇండ్ల నడుమ నిలబడి ఉంటుంది. సత్యవతి అనే ఇల్లాలు గోదావరి ఇసుకతో నిలబెట్టిందని ఇక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు. అటుపక్క కోనేరు. బ్రహ్మ పుష్కరిణి అంటారు. నాలుగు వైపులా మెట్లు, నడుమ నీళ్లలో మండపం. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. అప్పుడు స్వామి గుళ్లోంచి బయటికి వస్తాడు. కోనేట్లో తెప్ప మీద తిరుగుతాడు. తర్వాత మండపంలో ఊయల మీద కూర్చుంటాడు. చుట్టూ మెట్ల మీద జనం కూర్చుంటారు. నాకు ఆ దృశ్యం చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. అంత పెద్ద గుడి ఉండి కూడా, ఏడాదికోసారి దేవుడికి కూడా బయట నలుగురి నడుమ కూర్చోబుద్ధి అవుతుంది.

ఇక చెట్ల దగ్గరికి పోదాం.

ఒక సందు మూల మీద మేడిచెట్టు ఉంది. కొమ్మలకు కాకుండా మానుకే గుత్తులు గుత్తులుగా కాయలు. నరసింహస్వామి ఊర్లో మేడిచెట్టు కనిపిస్తే కాసేపు ఆగాలి. గురుచరిత్రలో ఒక కథ ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చినప్పుడు స్వామి గోళ్లకు విషం అంటి మంటలు పుట్టాయట. లక్ష్మీదేవి మేడిపండ్లు తెచ్చి ఇచ్చింది. గోళ్లు ఆ పండ్లలో గుచ్చుకుంటే మంట చల్లారిందట. ఉగ్రరూపాన్ని చల్లార్చింది ఒక చెట్టు! కథ సంగతి అట్లా ఉంచండి. నేను నిలబడ్డ పావుగంటలో ఆ చెట్టు మీద గోరింకలు, చిలకలు, ఉడతలు. కింద ఒక మేక. మేడిచెట్టు వాటికి అన్నసత్రం.

ఇంకో ఇంటి ప్రహరీ మీదినుంచి పారిజాతం కొమ్మ వీధిలోకి వంగి ఉంది. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పువ్వు. నేల మీద పడ్డ పువ్వు పూజకు పనికిరాదంటాం. పారిజాతానికి ఆ పట్టింపు లేదు, రాలిన పువ్వే ఏరుకోవాలి. చెట్టు మొదలు ఇంటివాళ్లది, రాలిన పూలు వీధివాళ్లవి. పూసే కాలంలో ఒక ముసలాయన రోజూ కండువా చెంగులో ఏరుకుంటాడు. చెట్టుకూ అరుగు ఉంటుందా అంటే ఉంటుంది. ప్రహరీ దాటి వచ్చిన కొమ్మే దాని అరుగు.

వేపచెట్ల సంగతి చెప్పాలా? చైత్రంలో ఆ వాడంతా వేపపూల వాసన. రాగి రంగు చిగుర్లు అప్పుడే పచ్చబడుతున్నాయి. ఉగాది పచ్చడికి కోసిన కొమ్మలు మళ్లీ చిగురుస్తున్నాయి. వేపచెట్టు కింద ఇస్త్రీ బండి, దాని పక్కన ఒక కుర్చీ, ఆ కుర్చీకి మూడే కాళ్లు, నాలుగో కాలు కింద ఇటుక. ఆ ఇటుక కుర్చీ కూడా కూర్చోవడానికి ఇంత జాగే.

ఇంకొక ఇల్లు. తాళం పడి ఏండ్లయింది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో. గోడ పగుల్లోంచి రావిమొక్క పుట్టుకొచ్చింది. పిట్ట వేసిన గింజ అది. వేరు గోడలో దూరి, సున్నం రాల్చి, రాయిని పక్కకు జరుపుతోంది. మనిషి ఉంటే చిన్నప్పుడే పీకి పారేసేవాడు. మనిషి లేడు కాబట్టి చెట్టు ఇంటిని మెల్లగా తింటోంది. అరుగు మాత్రం ఇంకా ఖాళీగా లేదు. కూరగాయలామె దాని మీద బెండకాయ, టమాట కుప్పలు పోసింది. ఇల్లు మూతపడ్డా అరుగు నడుస్తోంది.

ఇక్కడ ఒక సంగతి మీకు దగ్గరగా చూపించాలి. ఈ అరుగు ఎత్తు నా మోకాలికి కూడా లేదు. కట్టినప్పుడు నడుము దాకా ఉండేదట. అరుగు కుంగిందా? లేదు. రోడ్డు పెరిగింది. కంకర పోశారు, తారు పోశారు, దాని మీద సిమెంటు పోశారు. పాతది తవ్వకుండా పొర మీద పొర. రోడ్డు పైకి వస్తోంది, అరుగు కిందికి పోతోంది. వాన పడితే రోడ్డు నీళ్లు అరుగు మీదికి, అక్కణ్ణుంచి కడప మీదికి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు నది పక్క వాడల్లోకి నీళ్లు వచ్చాయి. నది వస్తే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ మామూలు వానకు కూడా ఇల్లు తడవడం నది తప్పు కాదు.

ఇక కొత్త కాలనీ వైపు పోదాం. ధర్మపురి 2018లో మున్సిపాలిటీ అయింది. ఊరు పెరుగుతోంది. ఇండ్లు బాగున్నాయి. గాలీ వెలుతురూ ఉన్నాయి, నల్లా ఇంట్లోకే వచ్చింది. పాతకాలం అంతా బంగారం అని నేను అనను. ఆ బవంతి ఇండ్లలో కోడళ్లు పొగలో ఎంత దగ్గారో నాకు తెలుసు. అందరికీ అన్ని అరుగుల మీదా కూర్చునే హక్కు ఉండేదని కూడా అనను. కొందరు అరుగు దాకా వచ్చి, కిందనే నిలబడి మాట్లాడి పోవాల్సి వచ్చింది. ఆ మచ్చ అరుగుకు ఉంది. అది దాచిపెట్టి అరుగును మెచ్చుకుంటే అబద్ధం అవుతుంది.

అయితే కొత్త కాలనీలో ఏమైందో చూడండి. ఎత్తు ప్రహరీ, ఇనుప గేటు, కారు ఎక్కడానికి వాలు. ఒక ఇంటి ముందు ప్రహరీకి చిన్న గట్టు ఉంది, కూర్చోవడానికి సరిపోతుంది. దగ్గరికి పోయి చూస్తే గట్టు మీద సిమెంటులో సీసా పెంకులు నాటారు. ఎవరైనా కూర్చుంటారని! వెనకటి అరుగు మనిషి కూర్చోవాలని కట్టింది. ఈ గట్టు మనిషి కూర్చోవద్దని కట్టింది.

చెట్లూ అట్లాగే. వరుసగా కోనోకార్పస్ మొక్కలు. తొందరగా పెరుగుతాయి, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. అందుకని ఎక్కడపడితే అక్కడ నాటారు. ఆ మొక్క వద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పింది. నిటారుగా నిలబడి ఉంటుంది, దాని కింద నీడ వెతుక్కోవాలి. ఉన్న ఒక్క కానుగచెట్టుకు మొదలు దాకా సిమెంటు పోశారు. ఊపిరాడకుండా మెడకు కండువా బిగించినట్టు. ఆ మానుకే మేకులు కొట్టి రెండు బోర్డులు.

మన ప్రశ్న యాదిలో ఉందా? కాళ్లు నొచ్చిన మనిషికి కూర్చోవడానికి ఇంత జాగ ఎక్కడ ఉంది? పాతవాడలో అడుగడుగునా ఉంది. కొత్త కాలనీలో నేను మూడు వీధులు తిరిగాను. దొరకలేదు.

2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. రోడ్లు వెడల్పు చేస్తారు, ఘాట్లు కడతారు. చేయాలి కూడా. కానీ పాత ఇంటి గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడినప్పుడు, మొట్టమొదట పోయేది అరుగే. రోడ్డుకు దగ్గరగా ఉన్న చెట్టే. ఈసారి వచ్చేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

అందుకే మిమ్మల్ని రెండు అడుగుతాను. రెండే. ఇల్లు కట్టుకుంటున్నారా? ప్రహరీకి బయట, మీ జాగలోనే, ఒక బండ వేయండి. మూర వెడల్పు చాలు. రెండోది, మీ ఇంటి ముందు చెట్టు ఉంటే దాని మొదలు చుట్టూ రెండు మూరల మట్టి వదలండి. సిమెంటు పోస్తామంటే వద్దని చెప్పండి. కొట్టేస్తామంటే, నీరు, నేల, చెట్ల కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉందా అని అడగండి. ఒక బండ, రెండు మూరల మట్టి. ఇంతే నేను అడిగేది.

మన నడక అయిపోవచ్చింది. కాలనీ చివర ఇంకో ఇల్లు కడుతున్నారు. చూసి పోదాం. గోడలు లేచాయి, గేటు ఇంకా పెట్టలేదు. ముందర ఇసుక కుప్ప. ఒక ముసలమ్మ స్టూలు వేసుకొని కూర్చొని పనివాళ్లను కనిపెట్టుకొని ఉంది. నన్ను చూసి, "ఏడికెల్లి అచ్చినవ్ బిడ్డా?" అన్నది. చెప్పాను. ఎందుకు నడుస్తున్నానో కూడా చెప్పాను. నవ్వింది. "గటు సూడు" అని చేయి చూపించింది.

గేటు దిమ్మెకు పక్కన, ప్రహరీకి బయట, ఒక కొత్త అరుగు. నిన్ననే వేశారట. నీళ్లు ఆరకుండా పైన తడి గోనెసంచులు కప్పారు. "కొడుకు అద్దన్నడు. కారు తిప్పరాదన్నడు. నేను ఇననే లే. సచ్చేదాంక నేను కూసోను ఇంత జాగ ఉండాలె, సచ్చినంక నన్ను సూడవచ్చినోళ్లు కూసోను ఇంత జాగ ఉండాలె అన్న. ఇంకేం మాట్లాడ్తడు?"

దగ్గరికి పోయి చూశాను. తడి గోనెసంచుల మీద, చల్లగా ఉందని కాబోలు, ఒక వీధికుక్క ముడుచుకొని పడుకుంది. సిమెంటు ఇంకా పచ్చిదే కదా అని దాన్ని అదిలించబోయాను.

ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీయి బిడ్డా, లేపకు. అరుగుకు తొలి సుట్టం అదే."